షేవింగ్ బ్రష్షును ఎంచుకొనుట ఎట్లు?

బుగ్గలమీద, గడ్డం క్రింద మాటిమాటికీ చీముగుల్లలు లేచుచున్నవని వచ్చువారిని, నాడి చూచుటకు ముందే నేనడుగు ప్రశ్న ఒకటి కలదు: "మీ షేవింగ్ బ్రష్షు ఎట్లున్నది?" ఒక ఉపాధ్యాయులు మూడు మాసములు వేప, పసుపు లేపనములు పూసియు ఫలితము కానక నా వద్దకు వచ్చిరి. బ్రష్షు తెప్పించి చూడగా, మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో తడితడిగా, ముక్కవాసన కొట్టుచున్నది. ఇంటిలో తండ్రీకొడుకులు ముగ్గురూ దానినే వాడుచుండిరి. నేనిచ్చిన ఔషధముకన్న దానిని పారవేయుటయే వారికి ఎక్కువ మేలు చేసినది.

చరక సంహిత పక్షమునకు మూడుమార్లు క్షౌరము విధించినది. నేడు చాలామంది నిత్యము చేసికొనుచున్నారు. చర్మమునకు ఒరిపిడి అంతగా పెరిగినది కనుక వెంట్రుకను ముందుగా నానబెట్టి, లేవదీసి, నురుగు పట్టించు సాధనము మంచిదై యుండవలెను.

బాడ్జర్ అను జంతువు వెంట్రుకల బ్రష్షు మెత్తనిది, నీటిని బాగుగా పట్టును, వెల ఎక్కువ. పైగా ఆ వెంట్రుకకై జంతువును చంపుదురు. పందివెంట్రుకల బ్రష్షు చవుక. క్రొత్తలో బిరుసుగా ఉండి వాసన వేయును. వాడగా వాడగా కొనలు చీలి మెత్తబడును. దానిని ముందుగా కొన్ని నిమిషములు గోరువెచ్చని నీటిలో నానవేయవలెను. గుర్రపు వెంట్రుకలు జూలునుండి, తోకనుండి కత్తిరించినవి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున శుద్ధిచేయని గుర్రపు వెంట్రుకల బ్రష్షులవలన అమెరికా, బ్రిటన్ సైనికులకు దొమ్మరోగము, అనగా ఆంత్రాక్స్, సోకినది. కనుక ఊరు పేరు లేని సరుకు కొనరాదు.

నాలుగవది నైలాను వంటి కృత్రిమ పోగులది. గురుకులమున చదివిన వైద్యుడు నైలానును మెచ్చుటయా అని కొందరు నవ్వవచ్చును. మన కోస్తా ఉక్కలో త్వరగా ఆరునది అదియే. నానవేయ నక్కరలేదు, జీవహింస లేదు. ఒకప్పటి నైలాను ముండ్లవలె గ్రుచ్చెడిది. ఇప్పటి సన్నని పోగులు మెత్తగనే యున్నవి.

కొనునపుడు కొనలను బుగ్గకు ఆనించి చూడుడు, గ్రుచ్చినచో వలదు. కుచ్చును మెల్లగా లాగినపుడు వరుసగా పోగులు ఊడివచ్చినను, మొదట పిడికీ కుచ్చుకూ నడుమ సందు కనిపించినను విడిచిపెట్టుడు. అదిమి వదలిన వెంటనే కుచ్చు నిలువుగా లేవవలెను. మొదట 22 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 50 మిల్లీమీటర్ల ఎత్తు గలది సామాన్యముగా చాలును.

వాడిన పిదప నురుగు పోవువరకు కడిగి, మెలిపెట్టక పిండి, విదిలించి, గాలి తగులు చోట ఆరవేయవలెను. మరుగునీరు పోసినచో జిగురు వదలును. వారమునకొకసారి పలుచని కుంకుడు రసముతో కడుగుట మంచిది. రసము కంట పడనీయకుడు.

ఒకరి బ్రష్షు మరొకరు వాడరాదు, తండ్రీకొడుకులైనను సరే. క్షౌరశాలకు పోవువారు తమ బ్రష్షు తామే తీసికొనిపోయి, క్రొత్త బ్లేడు వేయించుకొనవలెను. గడ్డమున తామర గాని చీముగుల్లలు గాని ఉన్నంతకాలము క్షౌరము మాని వైద్యునికి చూపుకొని, నయమైన పిమ్మట క్రొత్త బ్రష్షుతోనే మొదలిడవలెను.