తాకకుండా కొలిచే తాపం

కొలిమిలోని ఇనుము ఎంత కాగిందో తెలుసుకోవడానికి కమ్మరి దానిని తాకి చూడడు. రంగును బట్టి సమ్మెట ఎత్తవలసిన అదనును గ్రహిస్తాడు. ప్రతి పదార్థమూ తన వేడిమికి తగిన వికిరణాన్ని వెలువరిస్తుందన్న సత్యం ఆ చూపులో ఇమిడి ఉంది. భూమికి సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమించే వాతావరణ ఉపగ్రహం గాలి ఉష్ణోగ్రతను కొలవడానికీ ఈ సత్యమే ఆధారం.

గాలికి కంటికి కనిపించే కాంతి లేదు. అయితే అందులోని ఆక్సిజన్ అణువులు 60 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం పరిసరాలలో సూక్ష్మతరంగాలను వెలువరిస్తాయి. గాలి వేడెక్కినకొద్దీ అవి బలపడతాయి. ఆక్సిజన్ గట్టిగా శోషించే పౌనఃపున్యంలో కింది పొరల తరంగాలు దారిలోనే ఇంకిపోగా, పై పొరల సమాచారం మాత్రమే ఉపగ్రహాన్ని చేరుతుంది. శోషణ తక్కువైన పౌనఃపున్యంలో కింది పొరలు కూడా తెలియవస్తాయి. ఈ తరంగాలను మేఘాలు అంతగా అడ్డగించలేవు కనుక తుఫాను నడుమ దాగిన వెచ్చని గర్భం సైతం బయటపడుతుంది. విశాఖపట్నం, మచిలీపట్నం కేంద్రాల నుండి ఎగురవేసే బెలూన్లు తీరంపై గాలిని కొలుస్తాయి. నడిసముద్రంలో వాటిని ఎగురవేసేవారెవరు?

1978లో అమెరికా ప్రయోగించిన టైరాస్-ఎన్ ఉపగ్రహంలో ఇటువంటి పరికరాన్ని అమర్చారు. దాని పేరు మైక్రోవేవ్ సౌండింగ్ యూనిట్. తూనికరాళ్లను సరిచూసుకొనే వర్తకుని వలె అది మాటిమాటికీ శీతల అంతరిక్షాన్నీ, ఉష్ణోగ్రత ముందే తెలిసిన ఒక ఫలకాన్నీ చూసి తన కొలతను సరిచేసుకునేది.

ఇంత జాగ్రత్తలోనూ దోషం దొర్లింది. రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ అనే శాస్త్రవేత్తలు 1979 నుండి పదేళ్ల కొలతలను పరిశీలించి, వాటిలో స్పష్టమైన పెరుగుదల లేదని 1990లో ప్రకటించారు. భూతాపాన్ని శంకించేవారికి అది ఆయుధమైంది. ఫ్రాంక్ వెంట్జ్, మథియాస్ షాబెల్ 1998లో ఒక చిక్కు విప్పారు. పలుచని గాలి రాపిడికి ఉపగ్రహాలు క్రమంగా కిందికి దిగుతుండగా, పరికరం ఏటవాలుగా చూసే కోణం మారి, కింది గాలి లెక్కలో లేని చల్లదనం చేరుతున్నది. మరొక చిక్కు కాలానిది. ఒక ప్రదేశంపై ఉపగ్రహం దాటే వేళ ఏటేటా జరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నపు కొలత సాయంకాలానికి జరిగితే, చల్లబడినది భూమి కాదు, పొద్దు మాత్రమే! ఈ సవరణను స్పెన్సర్ బృందం పొరపాటుగా చేసిందని కార్ల్ మియర్స్, వెంట్జ్ 2005లో నిరూపించారు. ఆ బృందం లోపాన్ని అంగీకరించి లెక్కను దిద్దుకున్నది. శాస్త్రలోకంలో ఇటువంటి అంగీకారం అరుదైనదేమీ కాకపోయినా, గౌరవింపదగినదే.

నేడు ఆ బృందం లెక్క ప్రకారమే దిగువ వాతావరణం దశాబ్దానికి సుమారు 0.15 సెల్సియస్ డిగ్రీల చొప్పున వేడెక్కుతున్నది. వెంట్జ్ బృందపు లెక్క అంతకంటే ఎక్కువ.