అడగనిదే అమ్మైనా పెట్టదు... అమెరికా పెడుతుందా?

‘నైంటీ’ అంటే మన ఊళ్లో ఒక అర్థం ఉంది. అమెరికాలో ఎంఎస్ చదివినవాళ్ల దగ్గర ఆ మాట అని చూడండి, మొహంలో నవ్వు తగ్గుతుంది. చదువు అయ్యాక ఓపీటీ మీద ఉన్న స్టూడెంట్ ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. శని, ఆదివారాలు, క్రిస్మస్, సంక్రాంతి అన్నీ కలిపే! ఆ లెక్క దాటితే స్టేటస్‌కే ఎసరు. ముప్పై, నలభై లక్షల లోనుతో వచ్చినవాడికి ఆ అంకె నిద్రలో కూడా కనిపిస్తుంది.

నేను హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసి, 2021లో టెక్సస్‌లో ఎంఎస్‌లో చేరాను. ఇప్పుడు డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. 2023-24లో అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల్లో మనదేశం చైనాని దాటి మొదటి స్థానానికి వచ్చింది, 3.31 లక్షల మందితో. అందులో తెలుగువాళ్లు ఎంతమందో తెలియాలంటే ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో పది నిమిషాలు నిలబడితే చాలు. వాళ్లలో కొత్తగా వచ్చినవాళ్లు ‘అన్నా, ఒక్క సలహా చెప్పు’ అంటే నా దగ్గర ఉన్నది ఒకటే. ఏ విషయం ఎవర్ని అడగాలో తెలుసుకోండి. వినడానికి చప్పగా ఉంటుంది. కానీ కొంతమంది నిలబడిందీ, కొంతమంది పడిపోయిందీ అక్కడే. కళ్లారా చూశాను.

డౌట్ అడిగితే నవ్వే క్లాసులు

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో క్లాసు మధ్యలో చెయ్యెత్తడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ‘మొన్న చెప్పినప్పుడు ఎక్కడున్నావయ్యా’ అంటారు సారు. వెనక బెంచీ నుంచి ఒక దొంగ దగ్గు. అందుకే మనకి అన్నీ సీనియర్ల దగ్గరే దొరుకుతాయి. రికార్డు, ఇంపార్టెంట్ ప్రశ్నలు, ఆఖరికి ప్రాజెక్టు కూడా. ఆ అలవాటుతోనే శంషాబాద్‌లో విమానం ఎక్కుతాం.

ఇక్కడ సిలబస్ కాగితం మీదే ‘ఆఫీస్ అవర్స్’ అని రాసి ఉంటుంది. ఆ టైమ్‌లో ప్రొఫెసర్ తలుపు తీసుకుని కూర్చుంటారు, ఏ స్టూడెంట్ అయినా వెళ్లి అడగొచ్చు. మా అల్గారిథమ్స్ క్లాసులో అరవైమందిమి ఉంటే ఆ గదికి వెళ్లేది నలుగురైదుగురు. వాళ్లలో మనవాళ్లు అరుదు. నేను ఒక హోమ్‌వర్క్ లెక్క అర్థంకాక వెళ్లాను. మూడోసారి వెళ్లినప్పుడు ఆవిడే అడిగారు, వచ్చే సెమిస్టర్ పేపర్లు దిద్దే పని చేస్తావా అని. గంటల లెక్కన జీతం, వారానికి 20 గంటలు. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో అంతకుమించి పనిచేయకూడదు, సెలవుల్లో అయితే ఫుల్‌టైమ్ చేయొచ్చు. ఆ డబ్బుతో నా అద్దె, కిరాణా గడిచిపోయాయి.

‘ఏం కాదు బ్రో’

సీనియర్లని తక్కువ చేయడం లేదు. ఎయిర్‌పోర్టుకి వచ్చి మన సూట్‌కేసులు మోసేది వాళ్లే. మొదటి రాత్రి పప్పు, ఆవకాయ పెట్టి హాల్లో పరుపు వేసేదీ వాళ్లే. ఆ రుణం తీరేది కాదు. కానీ వీసా రూల్స్ దగ్గర ‘ఏం కాదు బ్రో, అందరూ చేస్తున్నారు’ అంటారు చూడండి, ఇంత ఖరీదైన మాట ఇంకోటి లేదు.

పెట్రోల్ బంకులోనో, రెస్టారెంట్లోనో క్యాష్‌కి పని చేయడం ఇలా మొదలయ్యేదే. అనుమతి లేకుండా క్యాంపస్ బయట చేసే పని ఎఫ్‌1 వీసాకి విరుద్ధం. జీతం చేతికి ఇచ్చినా, బ్యాంకులో వేసినా ఒకటే. అలా చేసేవాళ్లని నేను హీనంగా చూడను. ఇంటి నుంచి డబ్బు రాదు, ఈఎంఐ ఆగదు. కాకపోతే దెబ్బ తగిలితే తినేది చేసినవాడు, ‘ఏం కాదు’ అన్నవాడు కాదు.

ఆ దెబ్బ ఎంత పెద్దదో తెలియాలంటే ట్రై-వ్యాలీ, ఫార్మింగ్టన్ పేర్లు గుర్తుచేసుకోవాలి. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద 2011 జనవరిలో అధికారులు దాడి చేశారు. అందులో పేర్లు రాయించుకున్నవాళ్లలో చాలామంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకి రేడియో పట్టీలు తగిలించారు. దాన్ని నడిపినావిడకి 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

రెండోది ఇంకా విచిత్రం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ అసలు యూనివర్సిటీయే కాదు, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ వాళ్లు పన్నిన వల. వెబ్‌సైట్ ఉంది, ఫీజులు ఉన్నాయి, క్లాసులు మాత్రం లేవు. చేరిన రోజు నుంచే పని చేసుకోవచ్చన్నదే ఎర. 2019 జనవరిలో అరెస్టులు మొదలయ్యాయి, చిక్కుకున్నవాళ్లలో మళ్లీ మనవాళ్లే ఎక్కువగా కనిపించారు. విద్యార్థుల్ని తెచ్చి చేర్పించిన 8 మంది మీద కేసులు పెట్టారు. ప్రభుత్వమే ఆమోదించినట్టు జాబితాలో చూపించిన సంస్థ అది. అందుకే పిల్లల్ని మాత్రమే తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. కానీ ‘క్లాసు ఏ గదిలో, ఎన్నింటికి?’ అన్న ప్రశ్నకి జవాబు లేనిచోట ఫీజు కట్టకూడదని ఆ గొడవ చూశాక మా బ్యాచ్‌లో అందరికీ బుర్రకెక్కింది.

క్యాలెండర్‌లో గీసిన గీతలు

2023 మేలో మా బ్యాచ్ బయటికొచ్చింది. పెద్ద కంపెనీలు వేలల్లో మనుషుల్ని తీసేస్తున్న కాలం. అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. ఒకడిది గుంటూరు దగ్గర పల్లెటూరు, వాళ్ల నాన్నగారు పొలం తాకట్టు పెట్టి లోను తీసుకున్నారు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అప్లికేషన్లే. ఓపీటీ కార్డు పోస్టులో చేతికొచ్చిన రోజు నుంచి 90 మొదలవుతాయని వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారు. వాడు ఆ లెక్కే గోడమీద క్యాలెండర్‌లో గీతలు గీసుకుంటూ వచ్చాడు.

నిజానికి లెక్క మొదలయ్యేది కార్డు మీద అచ్చయిన ప్రారంభ తేదీ నుంచి. వాడి కార్డు ఆలస్యంగా వచ్చింది. అంటే అది దారిలో ఉన్న రోజులు కూడా అప్పటికే ఖర్చు! మా ఇంకో రూమ్‌మేట్ కార్డు చూసి ఈ సంగతి పట్టుకునేసరికి మిగిలింది 11 రోజులు.

ఆ రాత్రి గ్రూపు నిండా సలహాలు. డబ్బు కడితే ఆఫర్ లెటర్ ఇచ్చే కన్సల్టెన్సీ ఉందని ఒకరు. పని ఉండదు, జీతం ఉండదు, కాగితం మీద ఉద్యోగం ఉంటుంది. ఇంకొకరు రెజ్యూమెలో ఐదేళ్ల అనుభవం పెట్టించి ఇంటర్వ్యూలో వేరేవాళ్లతో మాట్లాడిస్తామన్నారు. నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఇది తెలివితేటలు కాదు, మోసం. పైగా ఎప్పటికీ తరుముతూనే ఉంటుంది. ఏ కంపెనీలో చేరినట్టు చూపించామో ప్రభుత్వ రికార్డులో ఉండిపోతుంది. ఎన్నేళ్ల తర్వాతైనా వీసా కిటికీ దగ్గర ఆఫీసరు ఆ పేరు ఎత్తి అడగొచ్చు.

మర్నాడు వాణ్ణి యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుకి తీసుకెళ్లాం. ప్రతి యూనివర్సిటీలో డీఎస్‌ఓ అని ఉంటారు. మన ఐ20 మీద సంతకం పెట్టేది, మన వివరాలు ప్రభుత్వ సిస్టమ్‌లో ఎక్కించేది వాళ్లే. రెండేళ్లలో వాడు ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. మనకి ఆఫీసు అంటే తహసీల్దార్ ఆఫీసే గుర్తొస్తుంది కదా, పనిలేకుండా ఎందుకు వెళ్తాం!

ఆవిడ మొత్తం విన్నారు. తిట్టలేదు, జాలీ పడలేదు. మొదటి 12 నెలల ఓపీటీలో జీతం లేని పని కూడా ఉద్యోగంగా లెక్కకి వస్తుందని చెప్పారు. వారానికి కనీసం 20 గంటలు ఉండాలి, చదివిన సబ్జెక్టుకి సంబంధించింది కావాలి, కార్మిక చట్టాలకి విరుద్ధంగా ఉండకూడదు, అంతే. వాడు ప్రాజెక్టు చేసిన ల్యాబ్ ప్రొఫెసర్‌కి అక్కడే కూర్చుని ఈమెయిల్ కొట్టాడు. నాలుగో రోజుకి వాలంటీర్‌గా ల్యాబ్‌లో చేరి, పోర్టల్‌లో నమోదు చేసుకున్నాడు. లెక్క అక్కడ ఆగింది. ఐదు నెలల తర్వాత నిజమైన ఉద్యోగం వచ్చింది.

ఇది చదివి స్టెమ్ ఎక్స్‌టెన్షన్‌లో ఉన్నవాళ్లు పొరబడకండి. ఆ 24 నెలల్లో జీతం లేని పని చెల్లదు, కంపెనీ ఈ-వెరిఫైలో ఉండి తీరాలి. ఖాళీ రోజుల పరిమితి మాత్రం మొదటి ఏడాదితో కలిపి 150కి పెరుగుతుంది.

జీతం స్లిప్పులో ఒక లైను

డబ్బు దగ్గరా ఇదే కథ. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని జీతంలో 7.65 శాతం కోస్తారు. ఎఫ్‌1 మీద వచ్చినవాళ్లకి సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ కోత ఉండదు, ఓపీటీలో కూడా. చిన్న కంపెనీల పేరోల్‌ వాళ్లకి చాలాసార్లు ఈ సంగతి తెలీదు. ఏడాదికి 80 వేల డాలర్ల జీతం అనుకుంటే 6,120 డాలర్లు. నా మొదటి జీతం స్లిప్పులో ఆ కోత చూసి హెచ్‌ఆర్‌కి మర్యాదగా ఒక ఈమెయిల్ రాస్తే రెండు వారాల్లో వెనక్కి ఇచ్చారు. ఇంకోటి, భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ ప్రకారం మన విద్యార్థులు నాన్-రెసిడెంట్‌గా రిటర్న్ వేసినా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. మామూలు ట్యాక్స్ యాప్‌లో గబగబా నొక్కేస్తే తప్పు ఫారం వెళ్లిపోతుంది. చాలా యూనివర్సిటీలు విదేశీ విద్యార్థుల కోసం వేరే సాఫ్ట్‌వేర్ ఇస్తాయి, అడగండి.

ఇంటి అగ్రిమెంటు కూడా చదివి సంతకం పెట్టండి. నలుగురూ కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే ఒకడు మధ్యలో వెళ్లిపోయినా వాడి అద్దె మిగతా ముగ్గురి నెత్తినే పడుతుంది. జ్వరానికి ఎమర్జెన్సీకి పరిగెత్తకుండా అర్జెంట్ కేర్‌కి వెళ్లండి. వెళ్లేముందు మన ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మనసు బాగాలేని రోజులు కూడా వస్తాయి, ముఖ్యంగా నాలుగున్నరకే చీకటి పడే చలికాలంలో. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్ అందుకే ఉంది. అర్ధరాత్రి అయితే 988కి ఫోన్ చేయొచ్చు.

ఈ గ్రూపుల వల్ల ఎంత కంగారు పుడుతుందో 2025 సెప్టెంబర్‌లో మళ్లీ చూశాం. హెచ్‌1బీకి లక్ష డాలర్ల రుసుము అని ప్రకటన రాగానే ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. ఇండియా వెళ్లడానికి విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు దిగిపోయారన్న వార్తలూ వచ్చాయి. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకి అది వర్తించదని మర్నాడే వివరణ వచ్చింది. మా గ్రూపులో తెల్లారేసరికి ఎనిమిది వందల మెసేజ్‌లు. కంపెనీ లాయర్ దగ్గర్నుంచి వచ్చిన నాలుగు లైన్ల ఈమెయిల్‌లో ఉన్నంత సమాచారం వాటిల్లో లేదు.

ఇంట్లో అడగని ప్రశ్న

చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటాం. వీసా వచ్చాక 108 చేసి మరీ బయల్దేరుతాం. దేవుడి లెక్క అంత పక్కాగా ఉంటుంది. లోను కాగితం మీద సంతకం పెట్టిన నాన్నకి మాత్రం ‘అంతా బాగానే ఉంది’ అని చెప్తాం. వాళ్లూ ‘తిన్నావా’ అని అడుగుతారు, ‘ఉద్యోగం పోతే ఎన్ని రోజులు ఉండొచ్చు’ అని అడగరు.

హెచ్‌1బీ కోటా ఏడాదికి 65 వేలు, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20 వేలు. పోటీపడేది లక్షల్లో. 2024 మార్చి లాటరీలో నా పేరు రాలేదు. 2025 లాటరీకి ముందు ఒక ఆదివారం కరీంనగర్‌కి వీడియో కాల్ చేసి, లెక్క మొత్తం స్క్రీన్ మీద పెట్టాను. మిగిలిన లోను 19 లక్షలు. ఇక్కడ పని చేసుకోగలిగేది 2026 జూన్ వరకు. నాన్న చాలాసేపు ఆ అంకెలు చూశారు. ‘లాటరీ రాకపోతే ఏం జేస్తవ్ కొడుకా?’ అన్నారు. మా ఇంట్లో ఆ ప్రశ్న రావడం అదే మొదటిసారి. హైదరాబాద్ వచ్చేస్తానని, అక్కడి జీతంతో ఈఎంఐ కట్టాలంటే ఎన్నేళ్లు పడుతుందో ముందే చూసి పెట్టుకున్నానని చెప్పాను.

‘గట్లయితే మీది అంతస్తు ఇప్పుడే లేపొద్దు తీయ్’ అన్నారు నాన్న. పై అంతస్తు వేస్తున్నారని నాకు అప్పటిదాకా తెలీదు. నా జీతం నమ్ముకుని మేస్త్రీకి అడ్వాన్సు కూడా ఇచ్చేశారట. పక్కనుంచి అమ్మ, ‘నేను ఎప్పట్నుంచో అడుగమంటున్న, ఈయనే అడుగలే’ అంది.

2025 మార్చిలో పేరొచ్చింది. లోను తీరాకే పని మొదలుపెడదామని ఇద్దరూ తేల్చేశారు. మేస్త్రీ అడ్వాన్సులో సగం వెనక్కి ఇచ్చాడు. డాబా మీద పిల్లర్లలోంచి పైకి లేచిన ఊచలకి తాడు కట్టి, ప్రస్తుతానికి అమ్మ బట్టలు ఆరేస్తోంది.