టార్పెడో గురి: అపోహలు – వాస్తవాలు

1971 డిసెంబరులో విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, సినిమా వచ్చాక మన ఇళ్ళలో అందరికీ తెలిసిన పేరైంది. అంతకుముందు అది ‘డయాబ్లో’ పేరుతో 1945లో అమెరికా నౌకాదళంలో చేరిన బోటు. ఆ కాలపు అమెరికన్ జలాంతర్గాములను ‘సైలెంట్ హంటర్ 4’ అనే కంప్యూటర్ గేమ్‌లో మనమే నడపవచ్చు. జర్మన్ యూ-బోట్ల కోసం ‘సైలెంట్ హంటర్ 3’ ఉంది. గురి చూసే పనిని సిబ్బందికి వదిలేయవచ్చు, లేదా మనమే చేసుకోవచ్చు. ఈ రెండో దారిలోనే అసలు ఆట ఉంది. చాలామంది దాన్ని ప్రయత్నించకుండానే పక్కన పెట్టేస్తారు. అందుకు కారణమైన కొన్ని అపోహలను ఇక్కడ చూద్దాం.

అపోహ: ఓడ వైపు తిప్పి వదిలితే చాలు, టార్పెడో వెతుక్కుంటూ పోతుంది.

వాస్తవం: అది నేటి టార్పెడోల సంగతి. విశాఖలోని నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడో సోనార్‌తో లక్ష్యాన్ని పసిగడుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన టార్పెడోల్లో ఎక్కువ భాగం పెట్టిన దారిన నేరుగా పోయేవే. శబ్దాన్ని పట్టుకుని వెళ్ళే జర్మన్ టార్పెడోలు 1943లో గానీ యుద్ధంలోకి రాలేదు. అందుకే ఓడ ఇప్పుడున్న చోటికి కాకుండా, టార్పెడో చేరేసరికి అది ఉండబోయే చోటికి వదలాలి.

అపోహ: దీనికి త్రికోణమితి వచ్చి తీరాలి.

వాస్తవం: త్రికోణమితి చేసే యంత్రం బోటులోనే ఉంటుంది. గేర్లతో నడిచే ఆ యంత్రాన్ని టీడీసీ అంటారు. దానికి మనం ఇవ్వాల్సినవి మూడే: ఓడ దూరం, వేగం, ‘యాంగిల్ ఆన్ ద బౌ’. మూడోది వినడానికే కష్టం. ఆ ఓడ మీద నిలబడి చూస్తే, దాని ముక్కు నుంచి మన బోటు ఎన్ని డిగ్రీలు పక్కకు ఉంటుందో అదే ఆ కోణం. ఓడ నేరుగా మన మీదికి వస్తుంటే సున్నా, పూర్తిగా పక్క చూపిస్తుంటే 90.

వేగం కనుక్కోవడానికి స్టాప్‌వాచ్ చాలు. బోటును దాదాపు ఆపి, పెరిస్కోప్‌ను కదపకుండా ఉంచి, ఓడ ముక్కు నిలువు గీతను తాకినప్పటి నుంచి వెనక చివర దాటేదాకా సెకన్లు లెక్కపెట్టండి. 130 మీటర్ల ఓడకు 25 సెకన్లు పడితే దాని వేగం సుమారు 10 నాట్లు. మ్యాప్ మీద అయితే, 3 నిమిషాల 15 సెకన్లలో ఓడ ఎన్ని వందల మీటర్లు జరిగిందో దాని వేగం అన్ని నాట్లు.

అపోహ: అన్నిటికన్నా ముఖ్యం దూరం.

వాస్తవం: కొత్తవాళ్ళను ఎక్కువగా దెబ్బతీసేది ఈ నమ్మకమే. పెరిస్కోప్‌లో ఓడ స్తంభం ఎత్తును కొలుస్తూ, దూరం సరిగ్గా రాలేదని మళ్ళీ మళ్ళీ కొలుస్తూ ఉండగానే ఓడ దాటిపోతుంది. నేనూ మొదట్లో ఇలా ఎన్నో ఓడలను వదులుకున్నాను.

ఓడ దారికి సరిగ్గా లంబంగా బోటు ముక్కును పెట్టి నిలిచారనుకోండి. టార్పెడో 30 నాట్లు, ఓడ 10 నాట్లు. ఓడ వచ్చే వైపు 18 డిగ్రీల దగ్గర పెరిస్కోప్‌ను నిలిపి, ఓడ నడుము గీత మీదికి రాగానే టార్పెడోను నేరుగా ముందుకు వదలండి. ఓడ 800 మీటర్లలో ఉన్నా, 1,500 మీటర్లలో ఉన్నా దెబ్బ తగులుతుంది. దూరం పెరిగితే టార్పెడో పరుగు ఎంత పెరుగుతుందో, ఓడ ముందుకు జరిగేదీ అదే లెక్కన పెరుగుతుంది. అందుకే కోణం మారదు. దూరంతో అసలు పని పడేది ట్యూబు దాటాక టార్పెడో పక్కకు తిరగాల్సి వచ్చినప్పుడే. అమెరికన్ బోట్లు నడిపే ఆటగాళ్ళు ఈ పద్ధతిని ‘టాంగ్’ జలాంతర్గామి కెప్టెన్ డిక్ ఓకేన్ పేరుతో పిలుస్తారు.

వేగంలో తప్పుకు మాత్రం క్షమాపణ లేదు. 10 నాట్ల ఓడను 12 అనుకుంటే, వెయ్యి మీటర్ల పరుగులో టార్పెడో సుమారు 67 మీటర్లు తప్పుతుంది. నడుముకు గురిపెట్టిన 130 మీటర్ల ఓడ అంచున తప్పించుకున్నట్టే. అదే, ఓడ పక్క చూపిస్తున్నప్పుడు కోణం అంచనాలో 10 డిగ్రీల తప్పు చేసినా గురి అర డిగ్రీ కూడా మారదు. కాబట్టి మీ సమయమంతా వేగానికే ఇవ్వండి.

అపోహ: ఎంత దగ్గరికి వెళ్తే అంత మంచిది.

వాస్తవం: ‘సైలెంట్ హంటర్ 3’లో టార్పెడో సుమారు 300 మీటర్లు పరుగెత్తాక గానీ పేలడానికి సిద్ధం కాదు. అంతకన్నా దగ్గర్లో తగిలితే చప్పుడు తప్ప ఫలితం ఉండదు.

అపోహ: తగిలీ పేలలేదంటే గేమ్‌లో లోపం.

వాస్తవం: ఆ లోపం చరిత్రలోనే ఉంది. అమెరికన్ మార్క్ 14 టార్పెడో పెట్టిన లోతుకన్నా కిందికి పోయేది. దాని అయస్కాంత ప్రేలుడు పరికరం ముందే పేలేది. తాకితే పేల్చాల్సిన పిన్ను, సూటిగా గుద్దుకున్నప్పుడు పనిచేయకుండా పోయేది. 1943 జులై 24న ‘టినోసా’ జలాంతర్గామి కెప్టెన్ డాస్పిట్, కదలకుండా ఆగిపోయిన జపాన్ ఓడ ‘టోనన్ మారు 3’ మీదికి ఒక్కొక్కటిగా, తీరిగ్గా గురి చూసి టార్పెడోలు వదిలాడు. వరసగా తగిలాయి, పేలలేదు. చివరి ఒక్కదాన్ని వాడకుండా పరీక్ష కోసం పెర్ల్ హార్బర్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ చేసిన పరీక్షల్లో ఏటవాలు దెబ్బకు పిన్ను మెరుగ్గా పనిచేస్తుందని తేలింది. కాబట్టి గేమ్‌లో ఈ లోపాలను ఆన్ చేసుకుని యుద్ధం తొలి ఏళ్ళలో ఆడేవాళ్ళు, పైన చెప్పిన లంబకోణాన్ని కాస్త వదులుకుని ఏటవాలుగా కొట్టడం మేలు.

ఈసారి ఒంటరిగా, నెమ్మదిగా పోయే వర్తక నౌక కనిపిస్తే ఆటో టార్గెటింగ్ ఆపేయండి. ముందుగా వెళ్ళి దాని దారికి అడ్డంగా నిలవండి, స్టాప్‌వాచ్ నొక్కండి.