గొంతే పెట్టుబడి

ముక్కూ మొహమూ ఎరుగని మనిషికి ఫోన్ చేసి, అతడు అడగని వస్తువును అతని చేత కొనిపించడం నేడు ఒక వృత్తి. వాణిజ్య పరిభాషలో ఈ పిలుపును ‘కోల్డ్ కాల్’ అంటారు. అవతలి వ్యక్తికి ముందు పరిచయం గాని, ఆ వస్తువు మీద ఆసక్తి గాని ఉండవు. బీమా పాలసీలు, రుణాలు, క్రెడిట్ కార్డులు, ఇళ్ల స్థలాలు ఈ పద్ధతిలో ఎక్కువగా అమ్ముడవుతుంటాయి. ఒకప్పుడు పాలమూరు కూలీలు గడ్డపార, తట్ట పట్టుకొని దేశంలోని అనేక ఆనకట్టల, కాలువల నిర్మాణానికి తరలివెళ్లారు. ఆ మెట్టప్రాంతం నుంచీ, పొరుగున ఉన్న నల్లగొండ నుంచీ చదువుకొని హైదరాబాదు చేరే యువతీయువకులలో పలువురికి ఈ ఫోను కొలువే తొలి ఉపాధి. ఇందులో అనుభవం అడగరు, పెద్ద చదువులు అడగరు. స్పష్టంగా మాట్లాడగలిగితే చాలు. చేరడానికి ఇంత సులువైన కొలువులో నిలవడం మాత్రం కష్టం.

ఎరుగని గడప ముందు నిలబడి సరుకు అమ్మడం ఈ నేలకు కొత్త కాదు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట చేనేత చీరలు దుకాణాలలోనే కాక మూటలలో, మనుషుల భుజాల మీద కూడా ఊళ్లు తిరిగాయి. (2016లో జరిగిన జిల్లాల పునర్విభజనతో పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరి జిల్లాలోకి, గద్వాల జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చాయి. నారాయణపేట 2019లో ప్రత్యేక జిల్లా అయింది.) మూట వర్తకునికీ తిరస్కారం తప్పేది కాదు. ఎండలో నాలుగు వీధులు తిరిగినా ఒక్క చీర అమ్ముడుపోని రోజులుండేవి. అయితే అతని పక్షాన సాక్ష్యం చెప్పడానికి సరుకు ఉండేది. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తరువాత మగ్గం మీద నేస్తారు. అందువల్ల బొమ్మ వస్త్రానికి రెండు వైపులా కనిపిస్తుంది. అచ్చు వేసిన బట్ట సాధారణంగా వెనుకవైపు వెలవెలబోతుంది. కనుక మూట విప్పిన వర్తకుడు చీరను తిరగేసి చూపేవాడు. గద్వాల చీరయితే నూలు ఒంటికి పట్టు అంచు ఎలా కలిపారో వేలితో తాకి చూడమనేవాడు. అతడు మాటలు పెంచి చెప్పినా బట్ట ఉన్నది ఉన్నట్లు చెప్పేది. పైగా ఇల్లాలి ముఖంలోని కోరికను, జంకును చూసి బేరం నడిపే వీలు అతనికుండేది.

ఫోనులో అమ్మేవారికి ఈ రెండూ లేవు. చూపడానికి సరుకు లేదు, చూడడానికి ముఖం లేదు. ఉన్న పెట్టుబడి అంతా గొంతే.

పని తీరు ఇలా ఉంటుంది. పేర్లు, ఫోన్ నంబర్లు గల జాబితా కంప్యూటరులో ఉంటుంది. ఆటో డయలర్ అనే సాధనం ఒకదాని తరువాత ఒకటిగా నంబర్లను కలుపుతూ పోతుంది. చెవులకు హెడ్‌సెట్, కళ్లెదుట ‘స్క్రిప్టు’ అని పిలిచే వాక్యాల వరుస. ఎవరు ఎంతసేపు మాట్లాడారో, ఎన్ని నిమిషాలు ఖాళీగా కూర్చున్నారో యంత్రమే లెక్క కడుతుంది. సంభాషణలు రికార్డు అవుతాయి. టీమ్ లీడర్ వాటిని విని లోపాలు చెబుతాడు. నెలకు ఇన్ని అమ్మకాలు జరగాలన్న టార్గెట్ ఉంటుంది. దానిని దాటితే జీతంపైన ప్రోత్సాహకం వస్తుంది, అందుకోలేకపోతే కొలువుకే ముప్పు రావచ్చు. రోజుకు నూరుమందితో మాట్లాడి ఇద్దరి చేత కొనిపించిన వ్యక్తిని ఊహించుకుంటే, అతడు ఆ రోజు తొంభై ఎనిమిది సార్లు కాదనిపించుకున్నాడన్నమాట. కొందరు మర్యాదగా వద్దంటారు. కొందరు మాట పూర్తి కాకముందే పెట్టేస్తారు. కొందరు తిడతారు. ఆ తిట్టు తన మీదిదా, కంపెనీ మీదిదా, లేక పొద్దుటి నుంచి వచ్చిన పదో ఫోను మీదిదా అని ఆలోచించే వ్యవధి కూడా ఇవ్వకుండా డయలర్ మరొక నంబరును కలుపుతుంది. ఆ తిట్లను ఇంటికి మోసుకుపోకుండా ఉండగలిగినవారే ఈ పనిలో కొన్నాళ్లు నిలుస్తారు. తొలి అమ్మకం జరిగిన నాటి ఉత్సాహం కూడా తక్కువది కాదు. నలుగురిలో నోరు విప్పలేని పల్లె విద్యార్థి ఆరు నెలలకు ఎంతటివారితోనైనా తొట్రుపాటు లేకుండా మాట్లాడగలగడం ఈ వృత్తి ఇచ్చే నిజమైన లాభం. ప్రోత్సాహకం ఒక నెల వచ్చి మరో నెల రాకపోవచ్చు. ఈ లాభం వెంట ఉంటుంది.

ఇందులో భాషకు సంబంధించిన చిక్కు కూడా ఉంది. స్క్రిప్టులోని తెలుగు సగం ఇంగ్లీషు, సగం ప్రకటనల భాష. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో పెరిగిన అమ్మాయి తన ఇంటి యాసను దాచుకొని ఆ వాక్యాలను అప్పజెప్పాలి. అదే ప్రాంతపు రైతు అవతల ఫోను ఎత్తితే, ఆ తెచ్చిపెట్టుకున్న భాష వినగానే ఎవరో పట్నంవాళ్లని జంకుతాడు. “పెద్దాయనా, నమస్తే, పనిలో ఉన్నరా?” అని ఆమె తన మాటలో పలకరిస్తే కనీసం ఆగి వింటాడు. యాసను లోపంగా భావించి దిద్దే శిక్షకులు, చేతిలోని సొమ్మును పారేసుకుంటున్నారనే అనాలి.

అపరిచితులను పలకరించే నేర్పుకు ప్రాచీన సాహిత్యంలో గొప్ప ఉదాహరణ వాల్మీకి రామాయణంలోని కిష్కింధాకాండలో ఉంది. రామలక్ష్మణులను దూరం నుంచి చూసి భయపడిన సుగ్రీవుడు, వారెవరో తెలుసుకొని రమ్మని హనుమంతుణ్ణి పంపుతాడు. భిక్షువు వేషంలో వెళ్లిన హనుమంతుడు ఎంత వినయంగా పలకరించినా వారు బదులు చెప్పరు. నేటి భాషలో చెప్పాలంటే ఫోను ఎత్తి కూడా పలకని వినియోగదారులు! అప్పుడతడు తానెవరో, తనను పంపినదెవరో, వచ్చిన పని ఏమిటో, ఈ వేషం ఎందుకో దాచకుండా చెబుతాడు. ఆ తరువాతనే రాముడు అతని మాటలోని పొందికను, ఉచ్చారణను, స్వరం తీరును లక్ష్మణునితో మెచ్చుకుంటాడు. శిక్షణ తరగతులలో స్వరం, ఉచ్చారణ బాగానే నేర్పుతారు. ‘ఎవరి తరఫున, ఏ పనిమీద’ అన్నది మొదటే చెప్పడం దగ్గర మాత్రం పట్టు సడలుతుంది.

సడలడానికి కారణం టార్గెట్. నెల చివర రెండు అమ్మకాలు తక్కువైన వ్యక్తికి నిజాన్ని కొంచెం వంచాలన్న ప్రలోభం కలుగుతుంది. వడ్డీ లేని రుణమని ఆశపెట్టి బీమా పాలసీ అంటగట్టడం, ఏటేటా కట్టవలసిన ప్రీమియంను ఒక్కసారి కడితే చాలనడం అటువంటివే. పత్తి అమ్మిన డబ్బు చేతికి వచ్చిన రైతు అలాంటి మాట నమ్మితే, మరుసటి ఏడు రెండో ప్రీమియం గడువు వచ్చినప్పుడే మోసం తెలుస్తుంది. ఆ డబ్బు మళ్లీ విత్తనాలకు, ఎరువులకు కావలసినది. పాలసీ అందిన తరువాత షరతులు నచ్చకపోతే దానిని రద్దు చేసుకొనే హక్కు కొనుగోలుదారుకు ఉంది. 2024 నియమాల ప్రకారం ఆ గడువు 30 రోజులు. ఈ సంగతి ఫోనులోనే చెప్పే విక్రయ ప్రతినిధికి అమ్మకాలు తగ్గవచ్చు గాని, జరిగిన అమ్మకం రద్దయ్యే భయం ఉండదు.

వద్దన్నవారిని విసిగించకుండా చట్టం కూడా హద్దులు గీసింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007లో ఇటువంటి ఫోన్లపై తొలి నియమావళిని తెచ్చింది. 2010 నియమావళి రాత్రి 9 గంటల నుంచి ఉదయం 9 గంటల వరకు వాణిజ్య పిలుపులను నిషేధించింది. ఇవి వద్దనుకునేవారు 1909కు ఫోన్ చేసి గాని, సందేశం పంపి గాని నమోదు చేసుకోవచ్చు. నమోదైన టెలిమార్కెటింగ్ సంస్థలు 140తో మొదలయ్యే నంబర్ల నుంచే మాట్లాడాలి. 2018లో ఈ నియమాలు మరింత కట్టుదిట్టమై, వినియోగదారుని సమ్మతికి ప్రాధాన్యం పెరిగింది. అయినా మామూలు మొబైల్ నంబర్ల నుంచి మాట్లాడేవారు తక్కువేమీ కాదు. వారి చాటున సైబర్ మోసగాళ్లు చేరారు. మోసపోయినవారు వెంటనే 1930కి ఫిర్యాదు చేయవలసిన కాలం వచ్చింది. దీని నష్టం నిజాయితీగా పనిచేసే టెలీకాలర్ మీద కూడా పడింది. తెలియని నంబరు అనగానే జనం దొంగగా అనుమానిస్తున్నారు. అతడు నోరు తెరవకముందే నమ్మకం పోగొట్టుకుంటున్నాడు.

ఈలోగా చేనేత ఊళ్లలో బేరం ఇంకో మలుపు తిరిగింది. వీడియో కాల్‌లో చీరలు చూపి అమ్మడం అక్కడ ఇప్పుడు మామూలైంది. కొనేవారు అమెరికాలో ఉన్నా, అమీర్‌పేటలో ఉన్నా ముఖం కనిపిస్తుంది, సరుకూ కనిపిస్తుంది. తాకి చూసే వీలు మాత్రం లేదు. అందుకని తెలిసిన కొనుగోలుదారు ధర అడగడానికి ముందే, చీరను ఒకసారి తిరగేసి వెనుకవైపు చూపమంటుంది.