కారు కూత బందైతె మీటర్ మొత్తం మార్చాల్నా?

పాత కారుల ఏది ఖరాబైనా మనకు ఎరుకైతది. బ్రేకు కీచుమంటది, ఇంజిన్ పొగ కక్కుతది, ఏసీ ఉడుకుగాలి కొడ్తది. ఒక్కటి ఖరాబైతె మాత్రం ఎరుక కాదు, ఎందుకంటె అది పోతె కొత్త సప్పుడు రాదు, ఉన్న సప్పుడే పోతది. అదే బజర్. బెల్టు పెట్టుకోకుంటె, డోర్ సరిగ్గ పడకుంటె, హెడ్‌లైట్లు ఆర్పకుండ దిగితె బీప్ బీప్ అని మొత్తుకునేది. శానమంది అది పోతె పీడ వోయింది అనుకుంటరు. నేను మాత్రం బాగు జేయించుకోవాలె అంటున్న. అది మనతోని అయ్యే పనే.

ఎందుకు బాగు జేయించాలె? కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క జూడుండ్రి. 2022ల సీటు బెల్టు పెట్టుకోక సచ్చిపోయినోళ్లు 16,715 మంది. అండ్ల 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది బండ్ల కూసున్నోళ్లు. 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లల్ల ముందు కూసునే ఇద్దరికీ బెల్టు బీప్ ఉండాలె, స్పీడు 80 దాటితె ఆగి ఆగి, 120 దాటితె ఆగకుండ మోగాలె అని రూల్ పెట్టిన్రు. దీపం ఎలిగితె సాలదా అంటె, సాలదు. దీపం కనవడాలంటె మీటర్ దిక్కు సూడాలె. కూత ఇనవడాలంటె సూపు రోడ్డు మీదికెల్లి తియ్యాల్సిన పని లేదు.

ఇగ రిపేరు ముచ్చట. ముందుగాల ఒక్కటి తేల్చుకోవాలె: అన్ని కూతలు పోయినయా, ఒక్కటే పోయిందా? తాళం ఆన్ జేసి బెల్టు తీసి సూడుండ్రి. తర్వాత తాళం తీసి, లైట్లు ఎలిగే ఉంచి, డోర్ తెరువుండ్రి. ఒక్కటి మోగి ఒక్కటి మోగకుంటె బజర్ మంచిగున్నట్టే. బెల్టు కూత రాకుంటె బకిల్ లోపలి స్విచ్ గానీ, సీటు కింది వైరు గానీ సూడాలె. డోర్ కూత రాకుంటె డోర్ చౌకట్ల ఉండే చిన్న స్విచ్‌కు తుప్పు వట్టి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ బండైతె ఇంకోటి గూడ సూడుండ్రి: పాత ఓనర్ కూత రాకుండ బకిల్ల ఉత్త క్లిప్పు గుచ్చి పోయిండేమో. గసువంటి క్లిప్పులు అమ్మొద్దని 2023ల కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఐదు ఆన్‌లైన్ కంపెనీలకు ఆర్డర్ ఇచ్చింది.

అన్ని కూతలూ బందైతె ముందు ఫ్యూజు సూడాలె. ఫ్యూజు మంచిగుండి, మీటర్ల దీపాలు ఎప్పటిలెక్కనే ఎలుగుతుంటె, అనుమానం బజర్ మీదికి పోతది. శాన పాత బండ్లల్ల అది మీటర్ లోపలి బోర్డు మీదనే సోల్డర్ జేసి ఉంటది. కొన్నిట్ల డ్యాష్‌బోర్డు కింద వేరె డబ్బి లెక్క ఉంటది.

మీటర్ ఇప్పుడు జాగ్రత్తగ జెయ్యాల్సిన పని. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి కనీసం పది నిమిషాలు ఆగాలె, ఎందుకంటె ఎయిర్‌బ్యాగుకు కరెంటు జరసేపు నిలువ ఉంటది. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోవద్దు. మీటర్ సుట్టున్న ప్లాస్టిక్ ఫ్రేము, దాని ఎనుక స్క్రూలు, ఆ ఎనుక కనెక్టర్లు. లోపల బోర్డు మీద నల్లగ, గుండ్రంగ, నడుమ బెజ్జంతోని ఉండేదే బజర్. మీటర్ ముల్లులు మాత్రం పీకొద్దు, మల్ల పెడితె లెక్క తప్పు సూపియ్యొచ్చు.

బజర్లు రెండు రకాలు. ఒకటి కరెంటు ఇయ్యంగనే తనంతట తాను మోగేది. రెండోది, బోర్డు మీది చిప్పు పంపే సిగ్నల్‌కు మోగేది. దీనికి ఉత్త బ్యాటరీ పెడితె టక్కుమంటది అంతే. ఒకదాని జాగల ఇంకోటి ఎయ్యొద్దు. పాతదాని మీద ఉన్న ఓల్టులు, కాళ్ల నడుమ దూరం, ప్లస్ గుర్తు ఫోటో దీసుకోని కొత్తది తేవాలె. చిన్న స్పీకర్ ఉన్న బండైతె మల్టీమీటర్‌తోని కాళ్ల నడుమ ఓములు సూడుండ్రి. ఏమీ సూపకుంటె లోపలి తీగె తెగినట్టు. కొత్త బజర్ మీద స్టిక్కర్ అతికి ఉంటె సోల్డర్ అయినంక అది పీకాలె, లేకుంటె సప్పుడు సన్నగొస్తది.

హైదరాబాద్‌ల కోఠి గుజరాతీ గల్లిల ఇసువంటి సామాన్లు దొరుకుతయ్. చిన్న బజర్‌కు నూరు రూపాయలు గూడ గావు. సోల్డర్ చేతగాకుంటె టీవీ రిపేర్ అన్నకు బోర్డు అప్పజెప్పుండ్రి.

మరి షోరూముల ఏమంటరు? మా దిక్కు క్యాబ్ నడిపే తమ్ముడొకాయన బండికి గిదే రోగమొచ్చి అడిగితె, మీటర్ మొత్తం మార్చాలె అని వేలల్ల బిల్లు చెప్పిన్రు. బిల్లొక్కటే కాదు, బండి తిరిగిన కిలోమీటర్ల లెక్క శాన కార్లల్ల మీటర్లనే ఉంటది. మీటర్ మారితె ఆ లెక్క మల్ల ఎక్కియ్యాలె. ఆయన తెచ్చిన ఎస్టిమేట్ కాయిదం నేను సూసిన, బజర్ అనే మాటే లేదు. ఆ పైసలు లేక ఆయన మూగ బండినే నడిపిండు. పానానికి రక్షగ ఉండే పరికరం గరీబోని చేతికి అందకుండ పోయేది ఇట్లనే.

ఇది ఒక్క బజర్ ముచ్చట కాదు. 2014 ఆగస్టుల కాంపిటీషన్ కమిషన్, విడి భాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందనిస్తలేరని 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల జుర్మానా ఏసింది. కంపెనీలు అప్పీలుకు వోయినయ్. 2022ల కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ ఏసి, డిసెంబర్ల పోర్టల్ గూడ తెరిచింది. అండ్ల కార్ల రంగం గూడ ఉన్నది. గాని బోర్డు మీది చిన్న భాగం నంబరు, వైరింగ్ నక్ష గల్లీ మెకానిక్ చేతికి రానన్ని రోజులు ఆ హక్కు కాయిదం మీదనే ఉంటది.

గందుకె అన్నలు, అక్కలు, ఈసారి సర్వీసుకు పోయినప్పుడు మీ బండి కూస్తున్నదో లేదో సూసుకోండ్రి. మీటర్ మార్చాలె అంటె, అండ్ల ఖరాబైన భాగం ఏందో కాయిదం మీద రాసియ్యమని అడుగుండ్రి. రాసియ్యకుంటె ఆ మీటర్‌కు పైసలు కట్టకుండ్రి.