సందర్భం, పాఠకుడు, అర్థం: దాశరథి తేటగీతి - ఒక పరిశీలన

సాహిత్య పాఠానికి అర్థం రచనలోనే నిక్షిప్తమై ఉంటుందా, పాఠకుని ఆత్మాశ్రయ దృష్టి దానిని నిర్మిస్తుందా అన్న చర్చలో తెలుగు పరిశోధకులు సాధారణంగా పాశ్చాత్య సిద్ధాంతాలనే ఆశ్రయిస్తున్నారు. అయితే మమ్మటుడు కావ్యప్రకాశం మూడవ ఉల్లాసంలో ఆర్థీ వ్యంజనకు కారణాలుగా వక్త, బోద్ధవ్యుడు (వినేవాడు), కాకువు, ప్రస్తావం, దేశం, కాలం మొదలైనవాటిని ఏనాడో పేర్కొన్నాడు. సూర్యుడు అస్తమించాడన్న ఒకే మాట దొంగకు ఒక అర్థాన్ని, అభిసారికకు మరొక అర్థాన్ని స్ఫురింపజేస్తుంది.

ఈ సూత్రానికి తగిన ఆధునిక ఉదాహరణ తెలంగాణ విశ్వవిద్యాలయం నెలకొన్న డిచ్‌పల్లికి చేరువలోనే ఉంది. నిజామాబాద్ ఖిల్లా జైలులో 1948లో బందీగా ఉన్న దాశరథి కృష్ణమాచార్య గోడలపై బొగ్గుతో పద్యాలు రాశారన్నది ప్రసిద్ధం. తెలంగాణను వీణగా భావించిన ఆయన తేటగీతి ఆనాటి నిరసన కవిత్వంలోనిదే. దాని చివరి పాదం ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో నినాదమై గోడలకూ, బ్యానర్లకూ ఎక్కింది. పద్యం మొత్తం తెలిసినవారికంటే ఆ ఒక్క పాదం తెలిసినవారే ఎక్కువ.

అసలు పద్యంలో సంబోధన నిజాముకు. ఆ వీణ తీగలు తెంచి నిప్పులోకి దింపావని కవి అతనిని నిందిస్తున్నాడు. వ్యాకరణరీత్యా వీణ అక్కడ కర్మ. దాని క్రియ పై పాదంలో ఉంది. పాదాన్ని విడదీయగానే ఆ క్రియ జారిపోయింది, కర్మ కాస్తా స్వయంసంపూర్ణ వాక్యమైంది. విధ్వంసానికి గురైన వీణ వైభవ చిహ్నంగా మారింది. అంటే ఇక్కడ మారినది పాఠకుని మనసొక్కటే కాదు, పాఠం హద్దులు కూడా. పాఠక స్వేచ్ఛను గురించిన చర్చలు ఈ తేడాను తరచుగా విస్మరిస్తాయి. వక్త, బోద్ధవ్యుడు కూడా మారారు. 'నా' అన్న సర్వనామం ఒక ఖైదీది కాక ఒక సమూహానిదైంది. వినేవాడు నిజాము కాక ప్రజలు.

మరి నినాదార్థం తప్పా? కాదు. అది మరొక సందర్భంలో పుట్టిన మరొక ఉక్తి. దానికి దాని సాధుత్వం ఉంది. దాని ఆధారంగా దాశరథి 1948లోనే ప్రత్యేక రాష్ట్రాన్ని కోరారని నిరూపించబూనడమే దోషం. 'మహాంధ్రోదయం' పేరుతో సంపుటి వెలువరించిన కవికి ఆ వాదం అతకదు. అలాగని ఆ సంపుటిని చూపి ఉద్యమకారుల పఠనాన్ని కొట్టివేయడమూ చెల్లదు. కవి తరవాతి అభిప్రాయం పద్యార్థానికి ఒక సాక్ష్యమే తప్ప తీర్పు కాదు.

ఆత్మాశ్రయతకు హద్దు ఎక్కడన్న ప్రశ్నకు ఈ పద్యం ఒక ఆచరణీయ మార్గాన్ని చూపుతుంది. పాఠకుడు తన కాలాన్ని పద్యంలోకి తెచ్చుకోవచ్చు. కాని నాలుగు పాదాల అన్వయం తెగకుండా ఆ అర్థం నిలుస్తుందా అని చూడాలి. రాచరికపు దౌర్జన్యాన్ని పాలకుల నిర్లక్ష్యంగా అన్వయించుకున్న పాఠకునికి నింద అనే ధ్వని మిగులుతుంది. కేవల ప్రశంసగా చదివినవారికి అది మిగలదు.