బోరు వేసినవారు వెళ్ళిపోయాక

గత రమజాన్‌లో ఒక సోదరి అల్మాస్‌గూడలోని మా మదర్సాకు వచ్చి, తన ఫోనులోని ఒక ఫొటో చూపించారు. ఆఫ్రికాలో ఏదో పల్లె. చేతిపంపు చుట్టూ నవ్వుతున్న పిల్లలు, పక్కనే దాత పేరు చెక్కిన పలక. మరణించిన తమ తండ్రిగారి పేరిట అలాంటి పంపు ఒకటి వేయించాలన్నది ఆమె సంకల్పం. “మౌలానా సాహెబ్, ఇది సదఖా జారియా అవుతుంది కదా?” అని అడిగారు. “తప్పకుండా అవుతుందమ్మా” అన్నాను.

ఆమె వెళ్ళాక నా చూపు మా ఆవరణలోని బోరు మీద పడింది. కొన్నేళ్ళ క్రితం ఒక ఉదార హృదయుడు దాన్ని వేయించాడు. పలక కూడా పెట్టించాడు. రెండో వేసవిలో మోటారు కాలిపోయింది. వేయించడానికి డబ్బిచ్చినవారు ఉన్నారు గానీ, బాగుచేయించడానికి పద్దులో పైసా లేదు. నెలల తరబడి పిల్లల వుజూకు ట్యాంకరు నీళ్ళే గతి అయ్యాయి. ఆ వేసవంతా పలక మాత్రం చెక్కుచెదరలేదు. జారియా అంటే ప్రవహించేది అని అర్థం. ప్రవాహం ఆగిపోయాక ఏమవుతుందని ఆ సోదరి నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ వెలితిని పూరించడానికే ఈ వ్యాసం.

ఈ ప్రశ్న మనకంటే ముందు పెద్ద పెద్ద ప్రభుత్వాలకే ఎదురైంది. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా 1971లో ఒక ఘనమైన నిర్ణయం తీసుకుంది. ఇరవై ఏళ్ళలో ప్రతి గ్రామీణునికీ 400 మీటర్ల లోపే మంచినీరు అందాలని. స్వీడన్ ఈ కార్యక్రమానికి భారీగా ధనసహాయం చేసింది. నెదర్లాండ్స్ 1974లో షిన్యాంగా ప్రాంతంలో లోతు తక్కువ బావులు తవ్వించి, వాటికి చేతిపంపులు బిగించే పథకం చేపట్టింది. సంకల్పంలో లోపం లేదు, డబ్బుకూ కొదవ లేదు. కానీ విడిభాగాలు దొరికే దుకాణం పల్లెకు దగ్గరలో లేదు. ఇంజన్లకు డీజిలు కొనే స్తోమత లేదు. చెడిపోయిన పంపు ఎవరిదో, ఎవరు బాగుచేయాలో తేలలేదు. 2010 తర్వాతి సంవత్సరాల్లో ఆ దేశంలోని గ్రామీణ నీటి కేంద్రాలను ఒక్కొక్కటిగా లెక్కించినప్పుడు, పదింట నాలుగు పనిచేయడం లేదని తేలింది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాలన్నిటినీ కలిపి చూసినా, 2009 నాటి అంచనా ప్రకారం చేతిపంపుల్లో మూడో వంతుకు పైగా మూలపడి ఉన్నాయి.

మన పాత బడుల ముందు నిలబడి ఉండే బోరింగు, అంటే ఇండియా మార్క్ టూ చేతిపంపు, యునిసెఫ్ సహకారంతో మన దేశంలోనే రూపుదిద్దుకుని ఆఫ్రికా దాకా ప్రయాణించింది. గట్టి యంత్రమే. అయితే దాన్ని విప్పి బాగుచేయడానికి శిక్షణ పొందిన మనుషులు, బరువైన పనిముట్లు కావాలి. అందుకే 1980లలో మలావీ, కెన్యాలలో ఆఫ్రిడెవ్ అనే మరో పంపును రూపొందించారు. గ్రామస్థులే, ముఖ్యంగా స్త్రీలే, దాన్ని తేలిగ్గా విప్పి వాషర్లు మార్చుకోగలగాలన్నది దాని ఉద్దేశం. వాషరు మార్చడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పంపు బతుకంతా దాని మీదే ఆధారపడి ఉంది.

అదే నెదర్లాండ్స్ మన గడ్డ మీదికీ వచ్చింది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కరువు జిల్లాల్లో ఏపీవెల్ అనే పథకం మొదలైంది. చిన్న, సన్నకారు రైతులు కొందరు కలిసి ఒకే బోరును పంచుకోవాలన్నది అందులోని నియమం. ఇలా మూడు వేలకు పైగా బోర్లు పడ్డాయి. కానీ ఒక బోరు పక్కన మరో బోరు పడితే భూమి లోపలి నీరు పెరగదు, ఇద్దరూ ఒకే కుండలోంచి తోడుకుంటారు. మా కాలనీల్లో ప్రతి కొత్త ఇంటికీ ఒక బోరు వేసి, ఏటేటా ఇంకా లోతుకు దిగుతున్న మనకు ఈ మాట వేరే చెప్పనక్కర లేదు.

అందుకే 2003లో మొదలైన తర్వాతి పథకం బోర్లు ఇవ్వలేదు. దాని పేరు రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థలు. నంద్యాలలోని బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ దానికి సారథ్యం వహించింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోని 638 పల్లెలకు అది విస్తరించింది. అదే ఏడాది భారత ప్రభుత్వం కొద్ది దేశాల నుండి తప్ప మిగతా వాటి నుండి నేరుగా సహాయం స్వీకరించరాదని నిర్ణయించింది. నెదర్లాండ్స్ ఆ కొద్దిలో లేదు. దాంతో డచ్చి ధనం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మార్గంలో రావలసి వచ్చింది.

ఈ పథకం రైతుల చేతికిచ్చింది వర్షమాపకం, కొలత టేపు, డ్రమ్ము, స్టాప్‌వాచ్. వాన పడినప్పుడు ఎంత పడిందో రాయాలి. పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం కొలవాలి. డ్రమ్ము నిండటానికి ఎంతసేపు పట్టిందో చూసి బోరు ధార తెలుసుకోవాలి. ఆ అంకెలను ఊళ్ళో అందరికీ కనబడేలా బోర్డు మీద రాయాలి. యాసంగికి ముందు అందరూ కూర్చుని, ఈ ఏడు భూమిలో చేరిన నీరెంత, మనం వేయదలచిన పంటలకు కావలసిందెంత అని లెక్క వేసుకుంటారు. చాలదని తేలితే వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసుకోవాలా అన్నది ఎవరికి వారే నిర్ణయించుకుంటారు. జరిమానా లేదు, సబ్సిడీ కూడా లేదు. బడికి వెళ్ళని స్త్రీలు కూడా నీటి లెక్కలు చెప్పగలిగారు. నన్నడిగితే ఆ పథకంలో అన్నిటికంటే విలువైనది అదే. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భ జలాలపై వెలువరించిన నివేదిక ఈ ప్రయత్నాన్ని ప్రశంసించింది.

ప్రాజెక్టు ముగిసింది. కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి చూసిన పరిశోధకులకు చాలా ఊళ్ళలో కమిటీలు చురుకుగా కనిపించలేదు. టేపు పట్టుకునే చేతికి, సమావేశం పిలిచే మనిషికి వెనుక నుండి అందే ఊతం ఆగిపోయింది. 2019 డిసెంబరులో కేంద్రం ప్రపంచ బ్యాంకు సహాయంతో అటల్ భూజల్ యోజన ప్రారంభించినప్పుడు, గ్రామస్థులే నీటి బడ్జెట్ వేసుకోవాలన్న ఆలోచన అందులో ప్రధానాంశమైంది. ఎంపికైన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు!

ఇక్కడ మన ఫుఖహాల దూరదృష్టిని తలచుకోవాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం వక్ఫ్ ఆదాయంలో మొట్టమొదటి ఖర్చు ఆ ఆస్తి మరమ్మతుకే. వక్ఫ్ చేసినవారు ఆ షరతు పెట్టినా, పెట్టకపోయినా సరే. లబ్ధిదారులకు ఇచ్చేది ఆ తర్వాతే. బాధ్యత వహించడానికి ముతవల్లీ ఉండాలి. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని ప్రజలకు అర్పించిన సంఘటన మన పిల్లలందరికీ తెలుసు. బావి అర్పించడం ఎంత గొప్పదో చెప్పే మనం, చేద తెగితే ఎవరు కట్టాలన్న మసలాను మాత్రం మదర్సా గోడల మధ్యే వదిలేస్తున్నాం.

ఆ సోదరికి కబురు పంపాను. డబ్బు పంపే ముందు ఆ సంస్థను మూడు మాటలు అడగమన్నాను. పంపు చెడితే బాగుచేసేది ఎవరు? విడిభాగాలు ఆ ఊరికి ఎంత దూరంలో దొరుకుతాయి? మరమ్మతు కోసం ఇందులో ఎంత పక్కన పెడుతున్నారు? మొదట వచ్చిన జవాబు ఇంకో ఫొటోయేనట! ఆమె పట్టు విడవకుండా మళ్ళీ అడిగారు. ఆ ఊరి నీటి కమిటీ వివరాలు, ఏటా పంపు తనిఖీకి అయ్యే ఖర్చు రాసి పంపారు. తండ్రిగారి పేరిట పంపుతో పాటు ఐదేళ్ళ మరమ్మతు ఖర్చును కూడా ఆమె జతచేశారు.

మా మదర్సాలోనూ బోరు పేరిట వేరే పద్దు తెరిచాం. నెలనెలా కొంత అందులో పడుతోంది. హిఫ్జ్ తరగతి పిల్లలిద్దరు ప్రతి జుమా ఉదయం మోటారు వేసి, బకెట్టు నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో నోటుపుస్తకంలో రాస్తున్నారు. జనవరిలో పద్దెనిమిది. మొన్నటి జుమాకు ముప్పై ఒకటి.